తిన్నావా అని అడిగే మెసేజ్

"గీ మెసేజ్‌లతోని షుగర్ తగ్గుతదా తాతా? గట్లయితే డాక్టర్లెందుకు, దవాఖానలెందుకు?"

మా హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే ఒకాయన నన్ను అడిగిన మాట ఇది. యాభై దాటిన మనిషి. కిందటేడు పరీక్షల్లో షుగర్ బయటపడింది. కూతురు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. పొద్దున్నే బాలానగర్ స్టేషన్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి వెళ్తుంది. ఆ దారిలోంచే తండ్రికి "మందు వేసుకున్నారా?" అని ఒక మెసేజ్ పెడుతుంది. సాయంత్రం మళ్లీ ఇంకోటి. బిడ్డ పట్టించుకుంటోందని తండ్రికి మురిపెమే. కానీ మందు పనిచేస్తుందంటే నమ్ముతాడు, పథ్యం పనిచేస్తుందంటే నమ్ముతాడు. ఫోన్లో నాలుగు ముక్కలు నెత్తురులో చక్కెరను ఏం చేస్తాయన్నది ఆయన సందేహం.

అడగాల్సిన సందేహమే. దీన్ని ఊరికే అనుకుని వదిలేయకుండా, మనుషుల్ని రెండు జట్లు చేసి, ఏళ్ల తరబడి నెత్తురు పరీక్షలు చేసి, లెక్క తేల్చినవాళ్లున్నారు. అదీ ఎక్కడో కాదు, పక్కనే చెన్నైలో. పైగా వాళ్లు ఎంచుకున్నది ఉద్యోగాలూ పనులూ చేసుకునే మగవాళ్లనే. మన లేత్ ఆయనలాంటి వాళ్ల సంగతే అనుకోండి.

ముందు దాని వెనక కథ ఒకటుంది. ఆ చెన్నై డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు ప్రకటించింది. షుగర్ ఇంకా రాలేదు గానీ అంచున నిలబడి ఉన్న 531 మందిని తీసుకున్నారు. అంచున అంటే, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి రెండు గంటలకు చూస్తే నెత్తురులో చక్కెర 140కి పైన, 200కి లోపల ఉన్నవాళ్లు. మామూలు సలహాతో వదిలేసిన జట్టులో మూడేళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చేసింది. తిండి, నడక గురించి ఎదురుగా కూర్చోబెట్టుకుని, మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చిన జట్టులో అది 39కి తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన జట్టులోనూ సుమారుగా అంతే తగ్గింది. మంచి మాట, మాత్రతో సమానంగా నిలబడిందన్నమాట.

మరి ఆ మంచి మాట చెప్పేవాళ్లేరీ? 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల పెద్ద సర్వే లెక్క చెప్పింది: దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలంటే ఎంతమంది డాక్టర్లు, ఎంతమంది పోషకాహార నిపుణులు కావాలి? ఈ లెక్క రాకముందే, 2009లోనే, రామచంద్రన్ బృందం ఇంకో ప్రశ్న వేసుకుంది. అందరి జేబులోనూ ఉన్న ఫోను చేత ఈ మాట చెప్పిస్తే?

8,741 మందిని పరీక్షించి, అంచున ఉన్న 537 మంది మగవాళ్లను ఎంచుకున్నారు. 35 ఏళ్ల నుంచి 55 ఏళ్ల లోపువాళ్లు. అందరికీ మొదట్లో ఒకసారి ఎదురుగా సలహా ఇచ్చారు. తర్వాత 266 మందిని అంతటితో వదిలేశారు. మిగతా 271 మందికి వారానికి కొన్ని చిన్న మెసేజ్‌లు పంపుతూ వచ్చారు. మనిషి ఏ దశలో ఉన్నాడో, ఇంకా ఆలోచిస్తున్నాడో, మొదలుపెట్టాడో, మొదలుపెట్టి జారుతున్నాడో చూసుకుని ఆ దశకు తగ్గ మాట పంపేవాళ్లు. 2013లో ఫలితం వచ్చింది. మెసేజ్‌లు లేని జట్టులో 73 మందికి షుగర్ వచ్చింది, నూటికి 27. మెసేజ్‌లు అందుకున్న జట్టులో 50 మందికే వచ్చింది, నూటికి 18. అంటే 11 మందికి మెసేజ్‌లు పంపితే ఒకరిని షుగర్ వాకిట్లోంచి వెనక్కి లాగినట్టు. ఒక మెసేజ్ ఖరీదు పైసల్లో ఉంటుంది. అంత చవకలో ఇంత పని జరిగిందంటే, ఆ లెక్కను నేను చిన్నదనుకోను.

ఇందులో నాకు బాగా ఆసక్తి కలిగించిన సంగతి వేరే ఉంది. మెసేజ్‌లు అందుకున్నవాళ్లు ఎక్కువ నడిచారా అని చూస్తే, పెద్ద తేడా లేదు. మారింది తిండి. తిండి గురించి చెప్పిన సలహాను వీళ్లు బాగా పాటించారు. ఆ మార్పే షుగర్‌ను వెనక్కి నెట్టి ఉండొచ్చు. ఎందుకో ఆలోచించండి. నడవాలంటే టైము కావాలి, చోటు కావాలి, ఓపిక కావాలి. పది గంటలు మిషన్ దగ్గర నిలబడి వచ్చినవాణ్ని నడువు అంటే ఏం నడుస్తాడు? కానీ రెండోసారి అన్నం వడ్డించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టడానికి టైముతో పనిలేదు. ఆ క్షణంలో గుర్తుకొస్తే చాలు. చాయ్ కూడా అంతే. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు ఐదు చాయ్‌లు తాగితే పది చెంచాలు, దగ్గర దగ్గర 40 గ్రాముల చక్కెర. ఏ మిఠాయీ ముట్టకుండానే అంత పోతుంది లోపలికి. బాలానగర్ వర్క్‌షాపుల్లో ఐదు చాయ్‌లంటే ఎక్కువేం కాదు.

అసలు గుర్తు చేయాల్సిన అవసరం ఎందుకొస్తుంది? పంటి నొప్పి ఉన్నవాడికి మందు గుర్తు చేయక్కర్లేదు, నొప్పే లేపి కూర్చోబెడుతుంది. షుగర్ నొప్పి పెట్టదు. చక్కెర 250 ఉన్నా మనిషి లేచి, స్నానం చేసి, టిఫిన్ బండి దగ్గర మైసూర్ బజ్జీ తిని పనికి పోతాడు. లోపల మాత్రం కంటి వెనక సన్నని నాళాలు, కిడ్నీల్లోని వడపోత నాళాలు, పాదాల నరాలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ ఉంటాయి. తెలిసేసరికి చూపు మసకబారుతుంది, లేదంటే కాలి పుండు మానదు. ఒంటికి గుర్తుచేసే దారి లేదు కాబట్టి బయటినుంచి ఎవరో గుర్తు చేయాలి. ఆ అమ్మాయి మెసేజ్ చేస్తున్న పని అదే.

తిన్న తర్వాత కాసేపు కదలమని ఎందుకు చెబుతారో కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే లేత్ ఆయన "నేను దినమంత నిలబడే ఉంట గద, గది కసరత్ కాదా?" అని అడిగాడు. అన్నం తిన్నాక అది గ్లూకోజుగా మారి నెత్తురులోకి వస్తుంది. ఆ గ్లూకోజు కండరంలోకి వెళ్లాలంటే మామూలుగా ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ తగిలితే కండర కణం లోపల ఉన్న గ్లూట్-4 అనే ప్రొటీన్లు పైపొరకు వచ్చి చక్కెరను లోపలికి తీసుకుంటాయి. టైప్-2 షుగర్‌లో ఇన్సులిన్ ఉన్నా కణం సరిగా పలకదు. అదృష్టం ఏమిటంటే, కండరం బిగిసి, సడలి, మళ్లీ బిగిస్తూ పనిచేస్తే, ఇన్సులిన్‌తో పనిలేకుండా ఆ గ్లూట్-4 పైకి వస్తుంది. అది వేరే దారి. ఆ దారి షుగర్ ఉన్నవాళ్లలోనూ చాలావరకు చెడదు. నిలబడి ఉంటే కండరం కొంచెమే పనిచేస్తుంది. అడుగులు వేస్తే పిక్కలు, తొడలు లయగా పనిచేస్తాయి. అందుకని భోజనం కాగానే పది పదిహేను నిమిషాలు షెడ్డు బయట అటూ ఇటూ నడిచినా, తిన్నాక ఎగబాకే చక్కెర కొంత కిందికి దిగుతుంది. "నడవండి" అని పొద్దున ఆరింటికి వచ్చే మెసేజ్ కంటే, మధ్యాహ్నం డబ్బా మూత పెట్టే వేళకు వచ్చేది మేలు.

వేళ అన్నాను కదా, ఈ మొత్తం వ్యవహారంలో మెలిక అంతా అక్కడే ఉంది.

బాలానగర్ బతికేదే షిఫ్టుల మీద. ఇక్కడ మందులు తయారుచేసే ఐడీపీఎల్ వచ్చింది, విమానాల సంస్థ హెచ్‌ఏఎల్ వచ్చింది, 1968లో సెంట్రల్ టూల్ డిజైన్ సంస్థ వచ్చింది. వాటి చుట్టూ, వాటికి విడిభాగాలు చేసిపెడుతూ, చిన్న చిన్న వర్క్‌షాపులు గల్లీ గల్లీకీ పుట్టాయి. ఆర్డరు మీదుంటే రాత్రి పన్నెండు దాకా మిషన్లు ఆగవు. మధ్యాహ్నం తిండి ఒంటిగంటకు కావచ్చు, మూడింటికి కావచ్చు. ఇలాంటి మనిషికి పొద్దున తొమ్మిదింటికి "మాత్ర వేసుకోండి" అని మెసేజ్ వస్తుంది. ఆయన చెప్పిన మాట వినే మనిషి, వేసేసుకుంటాడు. తిండి మాత్రం తినలేదు, అర్జెంటు పని.

ఇక్కడ చెప్పేది జాగ్రత్తగా వినండి. షుగర్ మాత్రలన్నీ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి అలా కాదు. అవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తాయి. తిండి వచ్చినా తెప్పిస్తాయి, రాకపోయినా తెప్పిస్తాయి. ఇన్సులిన్ సూది సంగతీ అంతే. తిండి లేకుండా ఇన్సులిన్ పనిచేస్తే నెత్తురులో చక్కెర 70 కంటే కిందికి జారుతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, తల తికమకవుతుంది. ఆఫీసు కుర్చీలో ఉన్నవాడికి అది ఇబ్బంది. లేత్ ముందు ఉన్నవాడికి, నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరిగే చక్ పక్కన చెయ్యి పెట్టినవాడికి, అది వేలు పోయే ప్రమాదం.

అందుకే లేత్ ఆయన కూతురుతో ఒక మాట చెప్పాను. "అమ్మా, మందు వేసుకున్నారా అని ఒక్కటే అడగకు. ముందు తిన్నావా అని అడుగు." ఆ పిల్ల ఠక్కున పట్టుకుంది. "అంటే తాతా, డాడీ తినలేదని రిప్లై ఇస్తే నేనేం చెయ్యాలె?" అదీ అసలు ప్రశ్న. మాత్ర మానెయ్యమని కూతురు చెప్పకూడదు, వేసుకొమ్మనీ చెప్పకూడదు. తిండి ఆలస్యమయ్యే రోజుల్లో ఏం చేయాలో వాళ్ల డాక్టరును ముందే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. ఆ కాగితాన్ని ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి. ఇంకో జాగ్రత్త: షెడ్డులో చాయ్ సామాన్ల దగ్గర చక్కెర డబ్బా ఎప్పుడూ ఉండాలి. వణుకు మొదలైతే మిషన్ ఆపి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి, తగ్గకపోతే ఇంకోసారి తాగాలి, ఆనక ఏదైనా తినాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. పక్క మిషన్ మీద పనిచేసే కుర్రాడికి ఈ ముక్క తెలిసి ఉండాలి. షుగర్ ఉందని దాచుకునేవాళ్లు ఈ ఒక్క కారణానికైనా తోటివాళ్లకు చెప్పాలని నేను బతిమాలుకుంటాను.

ఆజ్ఞ వేసే మెసేజ్ వేరు, అడిగే మెసేజ్ వేరు. ఆజ్ఞకు జవాబు అక్కర్లేదు. అడిగితే జవాబు వస్తుంది, ఆ జవాబు చదవడానికి అవతల ఒక మనిషి ఉండాలి. నేను చదివిన అధ్యయనాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, గట్టిగా పనిచేసినవాటిలో మనిషి వాసన ఉంది. ఆయన వేళ తెలుసుకున్నారు, ఆయన దశ తెలుసుకున్నారు, ఆయనకు కావలసిందే పంపారు.

న్యూజిలాండ్‌లో 366 మందితో చేసిన పరీక్ష ఒకటి 2018లో అచ్చయింది. వాళ్లందరికీ అప్పటికే షుగర్ బాగా అదుపు తప్పి ఉంది. ఏ విషయం మీద మెసేజ్‌లు కావాలో, రోజుకు ఎన్ని కావాలో, ఏ వేళకు కావాలో వాళ్లనే ఎంచుకోమన్నారు. అక్కడి ఆదివాసులైన మావోరీలకు వాళ్ల పద్ధతికి తగినట్టు వేరే రాశారు. తొమ్మిది నెలలకు మెసేజ్ జట్టులో హెచ్‌బీఏ1సీ మిగతావాళ్ల కంటే సుమారు 0.4 శాతం ఎక్కువ తగ్గింది.

ఈ హెచ్‌బీఏ1సీని మనవాళ్లు "మూడు నెలల షుగర్" అంటారు. వేలు గుచ్చి చూసే పరీక్ష ఇవాళ్టి హాజరు అయితే, ఇది ఫ్యాక్టరీ మస్టరు రోలు. నెత్తురులో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది తిరుగుతున్నన్నాళ్లూ చక్కెర దానిలోని హిమోగ్లోబిన్‌కు కొంచెం కొంచెంగా అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే ఊడదు. పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని వెళ్లినా మస్టరులో పాత గైర్హాజర్లు చెరిగిపోవు. 6.5, ఆపైన ఉంటే షుగర్ కింద లెక్క. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే అంచు. ఒంట్లో నెత్తురు తక్కువైనవాళ్లలో ఈ అంకె అటూ ఇటూ తప్పు చూపించే వీలుంది కాబట్టి, అలాంటివాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

0.4 అంటే ఏముందిలే అనిపిస్తుంది. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగిన పెద్ద అధ్యయనం లెక్కలు 2000 సంవత్సరంలో వచ్చాయి. హెచ్‌బీఏ1సీ ఒక శాతం తక్కువగా ఉన్నవాళ్లలో కళ్లు, కిడ్నీలు లాంటి చోట్ల సన్నని నాళాలు దెబ్బతినే ముప్పు 37 శాతం తక్కువగా కనిపించింది. ఆ వరసలో 0.4 అంటే ఒక మనిషి చూపు, ఒక మనిషి కాలు. పది కోట్ల మందికి హెచ్చవేసి చూసుకోండి.

అన్నిచోట్లా గెలిచిందని చెప్పడం న్యాయం కాదు. రామచంద్రన్ బృందమే బ్రిటన్ వాళ్లతో కలిసి మనదేశంలోనూ అక్కడా 2,062 మందిని తీసుకుని ఇంకో పరీక్ష చేసింది. ఈసారి హెచ్‌బీఏ1సీ 6.0 నుంచి 6.4 మధ్య ఉన్నవాళ్లను, అంటే అంచుకు మరీ దగ్గరగా జరిగినవాళ్లను తీసుకున్నారు. రెండేళ్లు మెసేజ్‌లు పంపారు. 2020లో ఫలితం వచ్చింది: షుగర్ రావడంలో గట్టిగా చెప్పగలిగే తేడా లేదు. నా మటుకు నేను దీన్ని చదివి నిరాశపడలేదు. ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి చేయనట్టే ఇదీ. అంచు చివరిదాకా వచ్చినవాళ్లకు ఉత్త మాట సరిపోదేమో, ఎదుట కూర్చుని చెప్పేవాళ్లు కావాలేమో. కాబట్టి కూతురు మెసేజ్ పెడుతోంది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తే నష్టపోయేది లేత్ ఆయనే. ఆ సంగతి ఆయనకు మొహం మీదే చెప్పాను.

పెద్ద ఎత్తున చేసిన ప్రయత్నాలూ ఉన్నాయి. ఆరోగ్య వరల్డ్ అనే సంస్థ నోకియాతో కలిసి 12 భాషల్లో పది లక్షల మందికి, ఆరు నెలల్లో 56 మెసేజ్‌ల చొప్పున పంపింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడుతో ఎం-డయాబెటిస్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, షుగర్ గురించి మెసేజ్‌లు వచ్చేవి. మిస్డ్ కాల్ అనేది మన జనానికి బాగా అలవాటైన ఉపాయం, దాన్ని ప్రభుత్వం వాడుకోవడం నాకు నచ్చింది.

మన భాషకు ఇందులో ఒక చిక్కుంది. ప్రపంచంలో మొదటి ఎస్‌ఎంఎస్ 1992 డిసెంబరు 3న వెళ్లింది. ఆ పద్ధతిలో ఒక మెసేజ్‌కు 140 బైట్ల చోటే ఇచ్చారు. ఇంగ్లీషుకైతే అందులో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే ఒక్కో గుర్తుకు రెండు బైట్లు పోతాయి, కాబట్టి 70 గుర్తులే. అందులోనూ మనం ఒక అక్షరం అనుకునేది ఫోనుకు ఒకటి కాదు. "మందు వేసుకున్నారా?" అన్నది చూడండి. నోటితో పలికితే ఏడక్షరాలు. ఫోను మాత్రం "న్నా"ను ఒకటిగా చూడదు, న, పొల్లు, మళ్లీ న, దీర్ఘం అని నాలుగుగా లెక్కేస్తుంది. సున్నా ఒకటి, కొమ్ము ఒకటి. మధ్యలో ఖాళీతో, చివర ప్రశ్న గుర్తుతో కలిపి మొత్తం 18 అవుతాయి. "తిండి ఆలస్యమైతే మాత్ర సంగతి డాక్టర్ని అడగండి." అంటే 45 పోయాయి, మిగిలేది 25. అది దాటితే ఫోను దాన్ని రెండు మెసేజ్‌లుగా విరుస్తుంది, పంపేవాళ్లకు రెండింటి ఖర్చు. అందుకే తెలుగులో ఆరోగ్యం మెసేజ్ రాయాలంటే మన అమ్మమ్మలు మాట్లాడినట్టు పొట్టిగా, సూటిగా రాయడం రావాలి. "మీ ఆహారపు అలవాట్లలో సానుకూల మార్పులు చేసుకోండి" అని రాస్తే చోటూ ఎక్కువ పోతుంది, చదివినవాడికి ఏం చేయాలో కూడా తోచదు. "రెండోసారి అన్నం వద్దు, పప్పు వేసుకోండి" అంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

ఇప్పుడు వాట్సాప్ వచ్చాక ఆ కొలత గొడవ లేదు. గొంతుతో చెప్పి పంపే వీలు కూడా ఉంది, చదువురాని వాళ్లకు అది వరం. బాలానగర్ షెడ్లలో ఒడిశా, బిహార్ కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు హిందీలో చెప్పి పంపొచ్చు. కానీ అదే వాట్సాప్‌లో ఇంకో రకం మెసేజ్‌లు ఎంత వస్తున్నాయో మీకు తెలియంది కాదు. ఫలానా ఆకు రసం నలభై రోజులు తాగితే షుగర్ వేళ్లతో సహా పోతుందట, మాత్రలు పారేయొచ్చట. దయచేసి ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కాకరకాయ తినండి, మెంతులు తినండి, తప్పులేదు. మాత్ర ఆపమని, ఇన్సులిన్ ఆపమని చెప్పే ఏ మెసేజ్‌నూ నమ్మకండి, ముందుకు పంపకండి. ఇన్సులిన్ మీదే బతుకుతున్న టైప్-1 పిల్లలు దాన్ని ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు పంపారో తెలుసుకోవడానికి ఎస్‌ఎంఎస్‌లలో ఒక గుర్తు ఉంది. 2025 నుంచి పంపినవారి పేరు చివర ఒక అక్షరం వస్తోంది: ప్రభుత్వానిదైతే జీ, వ్యాపార ప్రచారమైతే పీ. ఫార్వర్డ్‌లకు ఆ పాటి గుర్తు కూడా ఉండదు.

లేత్ ఆయన సంగతి ఇంత చెప్పాను, ఆ అమ్మాయి సంగతి వదిలేస్తే తప్పవుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. చాలామంది ముప్పై ఏళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలు. అయినా నూటికి 46 మందిలో మెటబాలిక్ సిండ్రోమ్ కనబడింది. అంటే నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ అనే ఐదింటిలో కనీసం మూడు గాడి తప్పాయని. రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చునే ఉంటున్నారు. వారానికి 150 నిమిషాల వ్యాయామం చేస్తున్నది నూటికి 22 మందే. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు 345 మంది ఐటీ ఉద్యోగులను చూస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. కాలేయంలో కొవ్వు, షుగర్, రెండూ ఒకదాన్నొకటి లాక్కొచ్చేవి.

ఆ లెక్కలు చెప్పాక తండ్రి ఒక మంచి పని మొదలుపెట్టాడు. సాయంత్రం ఐదింటికి షెడ్డులోంచి కూతురికి గొంతు మెసేజ్ పంపుతున్నాడు: "లేసినవా బిడ్డా కుర్చీలకెల్లి?" ఆ పిల్ల లేచి మెట్లు దిగి వస్తోందట. ఇద్దరిదీ ఒకటే వంశం, తండ్రికి షుగర్ ఉంటే పిల్లలకు వచ్చే వీలు ఎక్కువ. ఇంట్లో ఒకరికే కాదు, అందరికీ ఈ మెసేజ్‌లు అందాలి.

ఆయనకు రాత్రిపూట వెళ్లాల్సిన మెసేజ్ ఒకటుంది, అది కాళ్ల గురించి. లేత్ మీద ఇనుము చెక్కుతుంటే సన్నని పొట్టు, తీగల్లా చుట్టుకున్న ముక్కలు నేల మీద రాలతాయి. చెప్పుల్లోంచి, పాత బూటు అడుగులోంచి గుచ్చుకుంటాయి. మామూలు మనిషికి చురుక్కుమంటుంది. నరాలు మొద్దుబారిన షుగర్ మనిషికి తెలియదు. రాత్రి కాళ్లు కడుక్కున్నాక వేళ్ల సందులు తుడుచుకుని, అరికాలు కింద అద్దం పెట్టుకునో, ఇంట్లోవాళ్లకు చూపించో చూసుకోవాలి. ఆయన భార్య ఇప్పుడు రోజూ చూస్తోంది. ఒకనాడు మడమ దగ్గర వెంట్రుకంత ఇనుప ముక్క దొరికింది. అది దిగినట్టు ఆయనకు తెలియనే లేదు. మర్నాడే నరాల పరీక్షకు వెళ్లమన్నాను, వెళ్లాడు.

కూతుళ్లున్నవాళ్లకు సరే, ఎవరూ లేక షెడ్డు వెనక గదిలో వండుకుని పడుకునేవాళ్లకు ఎవరు పంపాలి, ఎవరు జవాబు చదవాలి? దీనికి నాకు దారి చూపించింది అనంతపురం. అక్కడి ఒక ఆసుపత్రిలో షుగర్ ఉన్న 330 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. ఇంకో జట్టుకు దాంతోపాటు ఫార్మసిస్టు కూర్చోబెట్టి మందుల గురించి చెప్పడం, తర్వాత ఫోనుకు మెసేజ్‌లతో గుర్తు చేయడం. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో రెండో జట్టువాళ్లు మందులు బాగా క్రమంగా వాడారు, హెచ్‌బీఏ1సీ కూడా మెరుగైంది. డాక్టరు కాదు, పెద్ద కంపెనీ యాప్ కాదు, మందులిచ్చే మనిషి చేసిన పని అది. మొహం తెలిసిన మనిషి, ఎదురుగా ఒకసారి మాట్లాడిన మనిషి పంపిన మెసేజ్.

బాలానగర్‌లో మెడికల్ షాపుకు కొదవా? మాత్రల పట్టీ ఏ రోజుకు అయిపోతుందో మందులమ్మే ఆయనకే అందరికంటే ముందు తెలుస్తుంది. నెలకు సరిపడా మందులు తీసుకెళ్లిన మనిషి ముప్పై ఐదో రోజుకూ రాలేదంటే మధ్యలో ఎగ్గొడుతున్నాడనే కదా. బస్తీ దవాఖానాలో మందులిచ్చే చోటైనా ఇదే లెక్క. అక్కడే ఒక పుస్తకంలో ఫోన్ నంబరు, ఆయన తినే వేళ, షిఫ్టు వేళ, వాడే మాత్ర పేరు రాసుకుంటే, పట్టీ అయిపోవడానికి రెండు రోజుల ముందు "మాత్రలున్నాయా? వేళకు తింటున్నారా?" అని పంపొచ్చు. చక్కెర పడిపోయే రకం మాత్ర వాడేవాళ్లకు ఇంకో ప్రశ్న చేర్చొచ్చు: "ఈ వారం చెమట, వణుకు వచ్చాయా?" వచ్చాయని జవాబొస్తే ఆ సంగతి డాక్టరుకు చేరాలి, ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోవాలి. మా గల్లీ మందుల షాపు కుర్రాడితో ఈ మాట మాట్లాడాను. నంబర్లు రాసుకోవడానికి అభ్యంతరం లేదన్నాడు, జవాబులు చదవడానికి రాత్రి తొమ్మిది తర్వాత అరగంట పెట్టగలనన్నాడు. మొదటి పేరుగా లేత్ ఆయనదే రాయించాం, తినే వేళ అన్నచోట ఆయన "ఒంటిగంట, ఆర్డరుంటె మూడు" అని చెప్పాడు.